ఎక్కినామె బాగానే ఉంది, దిగినవాడికే కాళ్ళు పడిపోయాయి! ఎందుకు?

మెట్లదిగిన_మొగుడు · సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. నవ్వకుండా చదవండి.

నిన్న తెల్లవారుజామున బెంగళూరు దగ్గరి నంది కొండకు వెళ్ళాం. నేను, మా ఆవిడ, కడప నుంచి వచ్చిన మా అత్తామామలు. సుల్తాన్‌పేట వైపు నుంచి మెట్లదారిలో ఎక్కాలని మా ఆవిడ పట్టు. వెయ్యికి పైగా మెట్లున్నాయి. పెద్దవాళ్ళను కార్లో పైకి తీసుకెళ్ళే పని నాది. తిరిగొచ్చేటప్పుడు కారు ఆమె నడిపింది, మెట్లు నేను దిగాను. "కష్టం నీది, సుఖం నాది" అని అత్తామామల ముందే ఆటపట్టించా కూడా.

ఆమె పైకొచ్చేసరికి చెమటతో తడిసి ముద్దయింది, మాట్లాడటానికి ఊపిరి అందలేదు. నేను పాటలు వింటూ దిగిపోయా. ఆయాసం లేదు, చెమట లేదు. నిన్న రాత్రి వరకు హాయిగా ఉన్నా.

ఇవాళ పొద్దున మంచం దిగబోతే తొడలు నావి కావు. మెట్రో స్టేషన్లో రెయిలింగు పట్టుకుని పీతలా పక్కకు తిరిగి దిగా. కమోడ్ మీద కూర్చోవడం అనడం కంటే పడటం అనాలి. మా ఆవిడేమో మామూలుగా తిరుగుతోంది. ఎక్కడమే కదా కష్టం? మరి ఈ శిక్ష నాకెందుకు?

బెల్లందూరు_బాబాయ్ · 9:51

అత్తామామల ముందర ఆలిని ఎగతాళి చేస్తే కొండమీద యోగనందీశ్వరుడు ఊరుకుంటాడా సామీ? కొబ్బరికాయ కొట్టి రా. ఈసారి కూడా మెట్లు దిగే రా.

నైట్‌షిఫ్ట్_నిద్రముఖం · 9:58

లాక్టిక్ యాసిడ్ అన్నా అది. కండల్లో పేరుకుపోతుంది. నిమ్మరసం తాగి పడుకో, పోతుంది. మా జిమ్ ట్రైనర్ ఎప్పుడూ ఇదే చెప్తాడు.

కీళ్ళపిన్ని · 10:20

జిమ్ ట్రైనర్లందరూ చెప్పే మాటే నాయనా, కానీ తప్పు. లాక్టిక్ యాసిడ్ పేరుకునేది ఆయాసం వచ్చేంత గట్టి పని చేసినప్పుడు. పని ఆపాక గంట, గంటన్నరలో రక్తం దాన్ని సర్దేస్తుంది. ఆ లెక్కన నొప్పి మీ ఆవిడకు రావాలి, అదీ నిన్న మధ్యాహ్నమే రావాలి. నీకు ఇవాళ మొదలైంది, రేపు ఇంకా పెరుగుతుంది. ఇలాంటి నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది, ఆ తర్వాత దానంతటదే తగ్గుతుంది.

జయనగర్లో ఇరవై ఏళ్ళుగా ఫిజియోథెరపీ చేస్తున్నా. సోమవారం వచ్చే పేషెంట్లలో సగం మంది ఆదివారం కొండలు దిగినవాళ్ళే.

విషయం ఇది. మెట్టు ఎక్కేటప్పుడు తొడ ముందు కండ పొట్టిబడుతూ మోకాలిని నిటారు చేసి, ఒంటిని పైకి లేపుతుంది. దిగేటప్పుడు? ఒక కాలు పై మెట్టు మీదే ఉంటుంది, ఒళ్ళు కిందికి పోతుంది, ఆ పైకాలి మోకాలు మెల్లగా మడుచుకుంటుంది. మడిచేది ఎవరు? బరువే. తొడ ముందు కండ దాన్ని ఆపుతూ, లాగి పట్టుకుంటూనే, సాగిపోతుంటుంది. ఆ పట్టు వదిలేస్తే నువ్వు బొక్కబోర్లా పడతావు. అంటే నువ్వు దిగినంతసేపూ నీ తొడలు బ్రేకులు. సాగుతూ లాగడం కండకు అన్నిటికంటే మోటు పని. లోపలి పోగులు సన్నగా చిట్లుతాయి, ఒళ్ళు వాటిని బాగుచేసుకునే క్రమంలో వాపు, నొప్పి వస్తాయి.

అనంతపురం_మాష్టారు · 10:47

పిన్నిగారు చెప్పినదానికి చిన్న తోక తగిలిస్తాను. జువాలజీ చెప్పి రిటైరయ్యాను, ఇప్పుడు వైట్‌ఫీల్డులో మనవడికి కాపలా.

మా ఊళ్ళో చేదబావి ఉండేది. బిందె పైకి తోడేటప్పుడు రొప్పు వస్తుంది, కానీ చేతులకేం కాదు. ఖాళీ బిందెను వదిలేటప్పుడు రొప్పు ఉండదు. బరువు బిందెను నెమ్మదిగా కిందికి దించాల్సి వస్తే చూడాలి! తాడు అరచేతుల్లో జారుతూ తోలు ఊడగొడుతుంది. మీ ఆవిడ తోడింది, మీరు దించారు. అంతే తేడా.

కండ లోపల కూడా తాళ్ళ వ్యవహారమే. ఆక్టిన్ అనే సన్న పోగులు, మయోసిన్ అనే లావు పోగులు, రెండు దువ్వెనల పళ్ళు ఒకదాంట్లోకి ఒకటి దూర్చినట్టు అమరి ఉంటాయి. కండ పొట్టిబడినప్పుడు ఏ పోగూ కురచ కాదు, ఒకదాని మీద ఒకటి జారుతుంది. ఈ సంగతి 1954లో నేచర్ పత్రికలో ఒకే సంచికలో రెండు వ్యాసాలుగా వచ్చింది. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, నీడర్‌గెర్కెలది. రెండోది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్‌లది. ఇంటిపేరొకటే గానీ ఈ హక్స్‌లీలిద్దరూ చుట్టాలు కారు. పరీక్షలో పిల్లలు ఇద్దర్నీ కలిపేసేవాళ్ళు.

మయోసిన్‌కు బుల్లి తలలుంటాయి. అవి ఆక్టిన్‌ను పట్టుకుంటాయి, లాగుతాయి, వదులుతాయి, మళ్ళీ పట్టుకుంటాయి. రథం తాడు లాగేవాళ్ళు చేతులు మార్చినట్టు. దిగేటప్పుడు ఈ చేతులు వదలకముందే బరువు వాటిని బలవంతంగా ఊడదీస్తుంది.

ఇందులో విచిత్రం ఏమిటంటే పట్టు వదలడానికి కూడా ఏటీపీ అనే కణాల ఇంధనం కావాలి. చనిపోయిన కొన్ని గంటలకు శవం కొయ్యబారేది అందుకే. లాగే బలం ఉండి కాదు, వదిలే ఇంధనం లేక.

బెల్లందూరు_బాబాయ్ · 10:55

రాత్రి పదకొండుకు శవాల ముచ్చట ఎందుకు మాష్టారూ!

గ్యారేజీ_గుంటూరు · 11:08

నాదో డౌటండి. పీణ్యాలో హైడ్రాలిక్ సిలిండర్లు రిపేరు చేస్తాను. "కండ లాగుతుంది, లాగుతుంది" అంటున్నారు. మరి తోసేది ఎవరు? ఆగిపోయిన కారు తోస్తాం, తలుపు తోస్తాం. జేసీబీ చేతికి సిలిండరు ఒకటే, నూనె ఇటు నుంచి పంపితే తోస్తుంది, అటు నుంచి పంపితే లాగుతుంది.

కీళ్ళపిన్ని · 11:21

మంచి ప్రశ్న. మనిషి ఒంట్లో ఆరువందలకు పైగా కండలున్నాయి. ఎముకల్ని కదిపే వాటిలో తోసేది ఒక్కటీ లేదు. అన్నీ లాగుడే.

అందుకే జతలు. మోచేయి ముందు ద్విశిర కండరం ముంజేతిని మడుస్తుంది. వెనక త్రిశిర కండరం చాపుతుంది. మోచేతి కొసన గట్టిగా తగిలే ఎముక ఉంది చూడు, త్రిశిర కండరం అతుక్కునేది దానికే. దాన్ని వెనక నుంచి పైకి లాగితే, మోచేయి ఇరుసు కాబట్టి, అరచేయి ముందుకు పోతుంది. కారుకు తగిలేది తోపు, లోపల జరిగేది లాగుడు. నీ సిలిండరు ఒకటి చేసే పనికి దేవుడు రెండు కండలు పెట్టాడన్నమాట.

గ్యారేజీ_గుంటూరు · 11:34

అర్థమైంది పిన్నిగారూ. కానీ ఇప్పుడే నా చేయి పట్టి చూసుకున్నా. ఆ ముందు కండ తాడు అతుక్కున్న చోటు మోచేతి మడత పక్కనే, నాలుగు సెంటీమీటర్లు కూడా ఉన్నట్టు లేదు. అరచేయి ముప్పై దాటి ఉంది. అంటే పది కిలోల బిందె చేత్తో పట్టుకుంటే కండ మీద ఎనభై కిలోల లోడు పడుతుంది! మా వర్క్‌షాపులో కుర్రాడు ఇలా బిగిస్తే తిడతాను.

అనంతపురం_మాష్టారు · మంగళవారం, పొద్దున 6:05

తిట్టకండి, ఆలోచించే బిగించారు. బలంలో పోయింది వేగంలో వచ్చింది. కండ ఒక సెంటీమీటరు పొట్టిబడితే అరచేయి ఎనిమిది సెంటీమీటర్లు కదులుతుంది. రాయి విసరడానికి, ఈగను కొట్టడానికి ఇదే కావాలి.

మీకొచ్చిన ఆశ్చర్యమే ఇటలీలో బోరెల్లి అనే గణితజ్ఞుడికీ వచ్చింది. గెలీలియో బాటలో నడిచినవాడు. ఒంట్లోని కండలు మనం మోసే బరువు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ బలం పెట్టాల్సి వస్తుందని లెక్కలు కట్టి చూపించాడు. ఆ పుస్తకం అచ్చయింది 1680లో. అప్పటికే ఆయన పోయాడు.

దవడ వేరు. అక్కడ వెనక దంతాలు ఇరుసుకు దగ్గర, కండ కూడా దగ్గరే. అందుకే చెరకు గడ ముందు పళ్ళతో చీలుస్తాం, వక్క మాత్రం దవడకు పెట్టి కొరుకుతాం.

మెట్లదిగిన_మొగుడు · 8:15

చెప్పినట్టే ఇవాళ ఇంకా పెరిగింది. ఆఫీసుకు సెలవు చెప్పా, కారణం చెప్పలేదు. పిన్నీ, ఒక్కటి మాత్రం మింగుడు పడలేదు. అంత మోటు పని చేస్తే ఆయాసం రావాలి కదా?

కీళ్ళపిన్ని · 1:10

రాదు, అదే తమాషా. బ్రేకు వేసే కండ గట్టిగానే పట్టుకుంటుంది కానీ ప్రాణవాయువు చాలా తక్కువ ఖర్చు చేస్తుంది. దీన్ని 1952లో ఇంగ్లండులో సరదా ప్రయోగంతో చూపించారు. రెండు సైకిళ్ళను వీపు వీపు తగిలేలా పెట్టి ఒకే గొలుసుతో కలిపారు. ఒకరు పెడల్ ముందుకు తొక్కాలి, రెండోవారు వెనక్కి తిరుగుతున్న పెడల్‌ను కాళ్ళతో ఆపుతుండాలి. ఇద్దరి మీదా బలం ఒకటే. ఆపేవారికి అయిన ప్రాణవాయువు ఖర్చు తొక్కేవారికి అయినదాంట్లో సగం కూడా లేదు. దాన్ని రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘంలో ప్రదర్శించినప్పుడు చిన్నపాటి ఒళ్ళున్న ఒక యువతి కూర్చుని ఆపుతుంటే, పెద్ద శాల్తీ మగవాడు తొక్కలేక చతికిలబడ్డాడట. హాలంతా నవ్వులు.

కాబట్టి రొప్పు వేరు, కండకు తగిలే దెబ్బ వేరు. మీ ఆవిడ గుండెతో పని చేయించింది. నువ్వు పోగుల్ని చితక్కొట్టుకున్నావు.

ఒక హెచ్చరిక కూడా. మూత్రం కాఫీ డికాషన్‌లా నల్లగా వస్తే, లేదా ఒక్క పిక్కే వాచి ఎర్రబడితే, ఇక్కడ రాయొద్దు. వెంటనే ఆసుపత్రికి పో.

మెట్లెక్కిన_ఆవిడ · 1:32

నమస్తే పిన్నీ. ఈ చర్చ లింకు మా చెల్లెలు పంపింది, అందుకే ఖాతా తెరిచా. ఈయన చెప్పని ముక్క ఒకటుంది. నా కారు కంటే ముందు కింద ఉండాలని సగం మెట్లు పరిగెత్తుతూ, రెండేసి దూకుతూ దిగారు. కింద కొబ్బరిబోండాల అతను చూశాడు.

బెల్లందూరు_బాబాయ్ · 1:33

😂😂😂 సాక్షితో సహా!

కీళ్ళపిన్ని · 1:40

అమ్మాయీ, నువ్వు ముందే వచ్చుంటే నాకు ఇంత రాసే పని తప్పేది. దూకితే మోకాలు మడుచుకునే వేగం పెరుగుతుంది, బ్రేకు ఇంకా గట్టిగా వేయాలి. ఇక చెప్పేదేముంది.

అత్తగారి_కోడలు · 3:25

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మా అత్తయ్యగారికి అరవై ఎనిమిది. మారతహళ్ళిలో మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఎక్కడానికి సణగరు, దిగాలంటే మాత్రం "మోకాళ్ళు కలుక్కుమంటున్నాయే" అంటారు. ఇదీ ఆ బ్రేకు సంగతేనా?

కీళ్ళపిన్ని · 4:50

కొంత అదే, కొంత కీలుది కూడా. బెర్లిన్‌లో కృత్రిమ మోకాలు అమర్చినవాళ్ళకు ఆ కీలు లోపలే బలం కొలిచే సెన్సర్లు పెట్టి నడిపించారు. చదును నేల మీద నడుస్తుంటేనే మోకాలి మీద ఒంటి బరువుకు రెండున్నర రెట్లు పడింది. మెట్లెక్కితే మూడు రెట్ల పైచిలుకు, దిగితే దాదాపు మూడున్నర రెట్లు. అదనపు బరువు ఎక్కడిదంటారా? కండల లాగుడుదే. ఇందాక గుంటూరాయన లెక్క కట్టాడే, కీలుకు దగ్గరగా అతుక్కున్న తాడు అన్ని రెట్ల బలంతో లాగితే, ఆ బలమంతా రెండు ఎముకల్ని ఒకదానికొకటి అదుముతుంది.

అందుకే అత్తయ్యగారి బరువు రెండు కిలోలు తగ్గినా మోకాలికి ఆరేడు కిలోల ఊరట. తొడ కండకు బలం వస్తే బ్రేకు మెత్తగా పడుతుంది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా మెల్లగా లేవడం, ఇంకా మెల్లగా కూర్చోవడం చేయించండి. ఆ కూర్చోవడమే అసలు మందు. ఒకసారి ఎముకల డాక్టరుకు చూపించి మొదలుపెట్టండి. దిగేటప్పుడు నొప్పి ఎక్కువున్న కాలు ముందు కింది మెట్టు మీద పెట్టమనండి, మంచి కాలు పైన ఉండి బ్రేకు వేస్తుంది.

గ్యారేజీ_గుంటూరు · 5:15

మోకాలి చిప్ప ఎందుకో ఇప్పుడు తట్టింది! తొడ తాడు దాని మీదుగా పోయి కింది ఎముకకు అతుక్కుంటుంది. మాష్టారి బావికి గిలక లాంటిది.

అనంతపురం_మాష్టారు · 5:40

భేష్. కాకపోతే ఈ గిలక తిరగదు, జారుతుంది. తాడును ఇరుసుకు కాస్త ఎడంగా నెట్టి పట్టుకుంటుంది, దాంతో లాగుడుకు పట్టు పెరుగుతుంది. తాడు మధ్యలోనే పెరిగే ఎముక అది. పసిపిల్లల్లో మెత్తని మృదులాస్థిగానే ఉంటుంది, మూడేళ్ళ వయసు దగ్గర గట్టిపడటం మొదలవుతుంది.

పాయా_ప్రియుడు · రాత్రి 8:30

శివాజీనగర్లో మేక కాళ్ళు కొనేవాణ్ణి, శాస్త్రం తెలియదు. కానీ కీలు దగ్గర కోయిస్తే కనిపించేవి చెప్తా. ఎముక కొసన తెల్లగా, గాజులా నున్నగా ఉండే పొర. చేతికి అంటుకునే జిగురు నీళ్ళు. ఎంత ఉడికినా కత్తికి లొంగని తెల్ల తాళ్ళు. ఇవి తింటే మన మోకాళ్ళు బాగవుతాయని మా నాయనమ్మ ఆదివారం ఆదివారం చేసేది.

కీళ్ళపిన్ని · 9:05

కాలేజీలో నాకు ఇంత చక్కగా ఎవరూ చెప్పలేదు. నున్నటి పొర మృదులాస్థి. మంచు మీద మంచు జారే దానికంటే సులువుగా జారుతుంది. దానికి రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. బరువు పడితే స్పాంజిలా నీరు వదులుతుంది, బరువు తీస్తే పీల్చుకుంటుంది. తిండి అందేది అలాగే. కదలకుండా కూర్చున్న కీలు పస్తున్నట్టే లెక్క.

జిగురు నీళ్ళు సైనోవియల్ ద్రవం. గుడ్డు తెల్లసొనలా ఉందని పదహారో శతాబ్దంలో పారాసెల్సస్ అనే వైద్యుడు పెట్టిన పేరట. లొంగని తాళ్ళు రెండు రకాలు. కండను ఎముకకు కట్టేది స్నాయుబంధనం, ఎముకను ఎముకకు కట్టేది సంధిబంధనం. మన జనం ఈ రెండిటినీ, కండనూ కలిపి మూడింటినీ "నరం" అనేస్తారు. "పిక్కలో నరం పట్టేసింది" అని వస్తారు. పట్టేసేది నరం కాదు, కండ.

పాయా మాత్రం రుచి కోసం తిను. కడుపులో పడ్డాక అంతా అరిగి ముక్కలవుతుంది. మేక మోకాలు నేరుగా వెళ్ళి నీ మోకాల్లో కూర్చోదు.

పాయా_ప్రియుడు · 9:09

నాయనమ్మ లేదు కాబట్టి సరిపోయింది, ఉంటే మీతో పోట్లాడేది.

అరమండి · 9:44

మల్లేశ్వరంలో కూచిపూడి నేర్పిస్తాను. పిన్నిగారూ, మీ మాటలు మా పిల్లల తల్లిదండ్రులకు చూపించాలి. అరమండిలో, అంటే సగం కూర్చున్నట్టు నిలబడే భంగిమలో, మోకాళ్ళు రెండు పక్కలకూ విచ్చుకోవాలి. కొత్త పిల్లలు పాదాలు బయటికి తిప్పేసి మోకాళ్ళు ముందుకే ఉంచుతారు. చూడటానికి మండిలాగే ఉంటుంది, రెండేళ్ళకు మోకాలి నొప్పి మొదలవుతుంది. తిరగాల్సింది తొంటి దగ్గర. అది బంతిగిన్నె కీలు, అన్ని వైపులా తిరుగుతుంది. మోకాలు మడతబందు, తలుపు లాంటిది. తలుపును మెలితిప్పితే బందులు ఊడతాయి. పళ్ళెం మీద తరంగం చేయించే ముందు నేను మొదట చూసేది తొంటినే. అందరి తొంటి గిన్నె ఒకే లోతు ఉండదు, అందరికీ ఒకే విప్పు రాదు. బలవంతపెట్టే గురువుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

కీళ్ళపిన్ని · 9:58

చప్పట్లు. మడిచిన మోకాలు కొద్దిగా తిరుగుతుంది, కానీ ఒంటి బరువు మీద ఉండగా తిప్పడానికి కాదు. తొంటి గిన్నె లోతు, అందుకే అంత గట్టిగా కూర్చుంటుంది. భుజం కూడా బంతిగిన్నే, అయితే అది గిన్నె కాదు, మూకుడు! చేయి అన్ని వైపులా తిరిగేది అందుకే, ఒంట్లో అన్నిటికంటే తేలిగ్గా జారిపోయే పెద్ద కీలు కూడా అదే.

నైట్‌షిఫ్ట్_నిద్రముఖం · బుధవారం, తెల్లవారుజామున 3:17

లాక్టిక్ యాసిడ్ విషయంలో పరువు పోయింది కాబట్టి ఇంకో ప్రశ్న. రోజుకు పదిసార్లు మెటికలు విరుస్తా. కీళ్ళు అరిగిపోతాయని అమ్మ తిడుతుంది. కానీ దిష్టి తీసి తనే నా తల దగ్గర పటపటా విరుస్తుంది.

అనంతపురం_మాష్టారు · 6:12

అమెరికాలో డొనాల్డ్ ఉంగర్ అనే డాక్టరు వాళ్ళమ్మ చేత ఇదే తిట్టు తిన్నాడు. తల్లి మాట తేల్చుకోవడానికి యాభై ఏళ్ళ పాటు ఎడమ చేతి మెటికలు రోజూ విరిచి, కుడిచేతి జోలికి పోలేదు. చివరికి రెండు చేతుల కీళ్ళూ ఒకేలా ఉన్నాయని 1998లో రాశాడు. 2009లో ఇగ్ నోబెల్ ఇచ్చారు, నవ్వించి ఆలోచింపజేసే పనులకిచ్చే బహుమతి. ఒక్క మనిషి లెక్క శాస్త్రం కాదనుకోండి, పట్టుదలకు మాత్రం దండం పెట్టాలి. కీలును చటుక్కున ఎడం చేస్తే ద్రవంలో గాలిగుల్ల ఏర్పడుతుంది. శబ్దం దానికి సంబంధించినదే. అందుకే విరిచిన మెటిక వెంటనే మళ్ళీ పలకదు, ఇరవై నిమిషాలు ఆగాలి.

ఇంకోటి చూడండి. వేళ్ళు మడిచే కండలు వేళ్ళలో లేవు. కీబోర్డు కొడుతూ రెండో చేత్తో ముంజేయి పట్టుకోండి, అక్కడ కదులుతాయి. అక్కడి నుంచి సన్నటి తాళ్ళు మణికట్టు దాటి వేళ్ళ కొసల దాకా పోతాయి. మనల్ని కీలుబొమ్మలనడం ఊరికే కాదు. నడివేలు మడిచి బల్లకు ఆనించి, మిగతా వేళ్ళు చాపి ఉంచి, ఉంగరపు వేలొక్కటే పైకెత్తండి చూద్దాం.

నైట్‌షిఫ్ట్_నిద్రముఖం · 6:20

లేవట్లేదు మాష్టారూ!! భయమేస్తోంది.

అనంతపురం_మాష్టారు · 6:31

దాదాపు ఎవరికీ లేవదు. చేతి వెనక ఆ తాళ్ళ మధ్య అడ్డకట్లున్నాయి. పక్కవేలు కట్టేస్తే ఇది ఒంటరిగా కదల్లేదు. పోయి పడుకో నాయనా.

మెట్లదిగిన_మొగుడు · గురువారం, రాత్రి 8:02

ఇవాళ కింద కూర్చుని అన్నం తిన్నా, లేవడానికి మాత్రం మామగారు చేయి అందించారు. పిన్నీ, మళ్ళీ దిగితే మళ్ళీ ఇంతేనా?

కీళ్ళపిన్ని · 8:40

కాదు. కండకు జ్ఞాపకం ఉంటుంది. ఒకసారి ఈ దెబ్బ తిన్న కండకు అదే పని కొన్ని వారాల్లోపు మళ్ళీ చెప్తే నొప్పి చాలా తక్కువ. నిన్నటిదాకా మెట్లు దిగనివాళ్ళకే పూర్తి కోటా. ఈసారి దూకకు.

మెట్లదిగిన_మొగుడు · మూడు వారాల తర్వాత, సోమవారం, రాత్రి 9:15

పాత చర్చను తవ్వుతున్నందుకు మన్నించండి. నిన్న మళ్ళీ నంది కొండకెళ్ళాం. ఈసారి ఇద్దరం మెట్లు దిగాం. నేను బుద్ధిగా, రెయిలింగు పక్కనే. ఇవాళ కాస్త బిగుసుకున్నట్టుంది, అంతే. ఆఫీసుకు కూడా వెళ్ళొచ్చా.

మా ఆవిడ పొద్దున్నించి మంచం దిగలేదు. ఆమె ఫోను నా దగ్గరే ఉంది, కాబట్టి ఇప్పట్లో ఇక్కడికి రాదు. ఆటపట్టించను, ఒట్టు. జండూబామ్ ఎక్కడుందో మాత్రం వెతుక్కోవాలి.

బెల్లందూరు_బాబాయ్ · 9:17

ఆ కొబ్బరిబోండాలాయన ఈసారేం చూశాడో కనుక్కో సామీ.